ఎలుక కోర్టుకు రాదు

తార్నాక, హైదరాబాద్
20 జూన్ 2004

వదినా,

ఉత్తరం మొదట్లో క్షేమసమాచారాలు రాయాలని బడిలో సిస్టర్లు నేర్పారు. నేను క్షేమమే. నీ సంగతే నాకు తెలియదు. బస్టాండులో నా పెట్టె అందిస్తుంటే నీ కొంగు జారింది. మోచేతి పైన నాలుగు వేళ్ల అచ్చు నల్లగా కనిపించింది. నేను చూశానని నీకూ తెలుసు. కొంగు సర్దుకుని, "జల్ది ఎక్కు, సీటు పోతది" అన్నావు.

ఫోన్‌లో అడుగుదామంటే ఇక్కడ బూత్‌లో నా వెనక మనుషులు నిలబడి వింటారు. అక్కడ అన్న నీ పక్కనే ఉంటాడు. అందుకే మల్లక్క ఇంటి చిరునామాకు రాస్తున్నాను. పక్క క్వార్టరే కదా, తెచ్చిస్తుంది.

"నీ పని ఏంది యమునా, దినమంత కంప్యూటర్ల ఏం రాస్తవ్?" అని అడిగావు. అమ్మ ముందు చెప్పలేకపోయాను. మన ఒంట్లో కంటిలోనూ కాలేయంలోనూ అవే జన్యువులు ఉంటాయి వదినా. ఎక్కడ ఏవి పనిచేస్తున్నాయి, ఏవి మూసి ఉన్నాయి అన్నదే తేడా. వాటిని తెరిచే ప్రోటీన్లు కొన్ని, మూసేవి కొన్ని. ఏది దేన్ని తెరుస్తుందో, ఏది దేన్ని మూస్తుందో ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో కనిపెట్టి పత్రికల్లో రాస్తారు. అవన్నీ చదివే తీరిక ఎవరికీ ఉండదు. మేము చదివి, ఒక్కొక్క సంగతినీ ఒక్కొక్క వరుసగా డేటాబేస్‌లో పెడతాం. తెరిస్తే బాణం గుర్తు. మూస్తే అడ్డగీత. చివర ఒక గడి ఉంటుంది: దీన్ని కళ్లారా చూశారా, ఊహించారా? మా పైన ప్రసూన గారని విజయవాడ ఆవిడ. ఆ గడి సరిగా నింపకపోతే వరుసంతా వెనక్కి పంపిస్తారు.

ఈ పని నాకు నచ్చింది. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు.

నీ చేతి సంగతి రాయి.

నీ ఆడబిడ్డ
యమున


ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ, గోదావరిఖని
2 జూలై 2004

యమునా,

మల్లక్క నీ ఉత్తరాన్ని చాటల బియ్యం కింద పెట్టి తెచ్చింది. "నీ ఆడిబిడ్డ లవ్ లెటర్ రాసిందే తిరుమలా" అని ఒకటే నవ్వు. నాకు నీ లెక్క పుస్తకాల తెలుగు రాదు. మాట్లాడినట్టే రాస్త. నవ్వకు.

నువ్వు చూసింది నిజమే. అవి మీ అన్న వేళ్లే. పప్పుల ఉప్పు ఎక్కువైందట. ఉప్పు వేసింది మీ అవ్వ. కన్నతల్లిని అనడు గదా.

ఉప్పు ఒక సాకు. అసలు సంగతి ఆగయ్య. ఇన్నేండ్లు గని యూనియన్‌కు మీ అన్న పిట్ సెక్రటరీ. ఈసారి కార్మికులు ఆగయ్యను ఎన్నుకున్నరు. ఇద్దరూ ఒక్క షిఫ్టు, ఒక్క డబ్బల అన్నం తిన్నోళ్లు. గేట్ మీటింగ్ల ఆగయ్య మైకు పట్టుకొని, "మన రఘన్న మేనేజర్ కుర్చీ కింద చాప ఏసుకొని పండుకున్నడు, ఎవరన్న లేపున్రి" అన్నడట. గని గనంత నవ్వింది. ఆ నవ్వు ఇంటికొచ్చి నా మీద పడ్డది.

గనిల మీ అన్న వేరే మనిషి, అది సుత రాయాలె. బండ కూలినప్పుడు ఇద్దరిని భుజాల మీద ఏసుకొని బయటికి తెచ్చిండు. వాళ్ల పెండ్లాలు ఇప్పటికి నాకు దండం పెడతరు. నేను కొంగు కప్పుకొని దండం అందుకుంట.

ఎవరు ఎవరిని తెరుస్తరో రాసేదానివి గదా. మీ అన్నను తెరిచేది ఎవరో చెప్పు. నీకు పుణ్యముంటది.

నీ వదిన
తిరుమల


తార్నాక
18 జూలై 2004

వదినా,

నవ్వలేదు. నీలా రాయడం నాకే చేతకాదు.

నువ్వడిగినది రెండు వారాలుగా ఆలోచిస్తున్నాను. కాగితం మీద మధ్యలో అన్న పేరు రాశాను. చుట్టూ బాణాలు గీశాను. తాగుడు ఒకటి. ఆగయ్య మాట ఒకటి. అందరి నవ్వు ఒకటి. నాన్న ఒకటి. నాన్న కూడా అమ్మను కొట్టేవాడు. ఆయన గనిలో పోయాక ఆ ఉద్యోగం అన్నకు వచ్చింది. ఉద్యోగంతోపాటు ఆ చేయి కూడా వచ్చింది.

ఈ వారం ఒక వ్యాసం చదివాను. ఒక జన్యువును తీసేసిన మగ ఎలుకలు బోనులో తోటి ఎలుకలను కొరికి చంపాయట. తెల్లారి బోను తెరిస్తే పరిచిన గడ్డి నిండా రక్తం. అది చదివాక భోజనం చేయలేకపోయాను. ఆ ఎలుకల్లో లేనిదేదో మా ఇంటి మగవాళ్లలోనూ లేదేమో.

కానీ అదే వ్యాసంలో ఇంకో సంగతి ఉంది. చాలా జన్యువులను ఎవరూ తెరవనక్కర్లేదు. మూసిపెట్టేది ఉన్నంతసేపు మూసి ఉంటాయి. అది పోతే వాటంతట అవే తెరుచుకుంటాయి. అన్న చేయి ఎత్తి, నువ్వు మధ్యలోకి రాగానే దించడం నేను చూశాను. ఆ రోజు అమ్మ మీదికి వెళ్లినప్పుడూ అంతే, నువ్వు అంగీ పట్టుకుని లాగావు. ఆగాడు. నువ్వు అన్నకు అడ్డగీతవి వదినా. నువ్వు లేకపోతే ఆగయ్యను ఏం చేస్తాడో అని నాకు భయం. కొన్నాళ్లు ఓర్చుకో. నువ్వు పక్కన ఉంటే హద్దు దాటడు.

వానలు మొదలయ్యాయి. హాస్టల్ గదిలో గోడ చెమ్మగిల్లి పుస్తకాలు వాసన వస్తున్నాయి.

యమున


ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ
30 నవంబర్ 2004

యమునా,

జవాబు ఆలస్యమైంది. దవాఖానల ఉన్న. పక్కటెముక విరిగింది. క్యాప్‌ల్యాంపు కట్టుకునే బెల్టు ఉంటది గదా, దాని బిళ్లతోని. డాక్టర్ "ఎట్ల తగిలింది" అంటే మెట్ల మీద పడ్డ అన్న. మన క్వార్టర్‌కు మెట్లెక్కడియి? ఆయన సుత అడగలె.

దసరా అయినంక బెల్లంపల్లికి, మా అమ్మగారింటికి పోదామని సంచి సర్దుకున్న. సంచిల నీ ఉత్తరం కనబడ్డది. మళ్ల చదివిన. బట్టలు తీసి దండెం మీద ఏసిన.

మల్లక్క తిట్టింది. "పో బిడ్డా, పో. వీని చెయ్యి నీ పీనుగ మీద తప్ప ఆగదు."

"నేను పోతే ఆగయ్యను చంపుతడు అక్కా."

"చంపనియ్యి! ఆగయ్య నీకేమైతడు? మేనబావనా?"

నవ్వితే ఎముక కలుక్కుమన్నది.

నిజం చెప్పాలంటే, అడ్డగీత అన్న మాట నాకు బాగనిపించింది. ఈ ఇంట్ల నాకొక కొలువు దొరికినట్టు. పెండ్లయి ఆరేండ్లు, పిల్లలు లేరని మీ అవ్వ రోజు ఒక పేరు పెడతది. నువ్వు పెట్టింది ఒక్కటే మంచి పేరు.

ఆగయ్య ఇంటి కిటికీ పలగ్గొట్టిన్రు మొన్న. వాని మనుషులు మనోళ్లల్ల ఒకని చెవు కోసిన్రు. మీ అన్న సప్పుడు చేస్తలేడు. గట్టిగ ఒర్రితే నాకు భయం లేదు. ఇట్ల ఉంటేనే భయం. యాడికి పోతే ఆడికి నేను సుత పోతున్న. కల్లు కాడికి, గేటు కాడికి. లోకం నవ్వుతున్నది. నవ్వనియ్యి.

నీ వదిన
తిరుమల


తార్నాక
12 ఫిబ్రవరి 2005

వదినా,

నిన్న అమ్మ హాస్టల్‌కు ఫోన్ చేసింది. ఆగయ్యను గేటు దగ్గర చంపేశారని, అన్నను పోలీసులు తీసుకెళ్లారని చెప్పింది. చేసింది అన్న కాదని, యూనియన్ మనుషులు ముగ్గురు కొట్టారని, అన్న మధ్యలో ఇరుక్కున్నాడని అంటోంది. నువ్వు పోలీసులకు వేరేగా చెప్పావట. అమ్మ ఏడుస్తూ నిన్ను తిట్టిన తిట్లు రాయలేను.

ఒక్క సంగతి అడుగుతాను. కోపం తెచ్చుకోకు. మా పనిలో రోజూ అడిగేదే.

నువ్వు చూసింది ఏమిటి? అనుకున్నది ఏమిటి?

గేటు ముందు బొగ్గు లారీలు పోతుంటే మనిషికి మనిషి కనబడనంత దుమ్ము. నువ్వు అన్న వెనక ఉన్నావట, అంగీ పట్టుకుని. వెనక ఉన్నదానివి ముందు ఎవరు కొట్టారో ఎలా చూస్తావు? అన్న చేతిలో పార ఉంది కాబట్టి అన్నే కొట్టాడని అనుకుని ఉంటావు. అన్న తరఫు వకీలు కూడా అదే అన్నాడట. నేను నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు. చూడనిదాన్ని చూసిన గడిలో పెట్టవద్దంటున్నాను. రెండూ వేరు చేసి నాకు రాయి.

వాడు నా అన్న వదినా. చిన్నప్పుడు సైకిల్ మీద నన్ను కాన్వెంట్‌కు దింపేవాడు. సిస్టర్ల ముందు చెప్పులు విప్పి నిలబడేవాడు.

యమున


బెల్లంపల్లి
20 ఫిబ్రవరి 2005

యమునా,

వేరు చేసి రాయమన్నవు. రాస్తున్న.

చూసింది. పొద్దున డ్యూటీ దిగి మీ అన్న ఇంటికి రాలె. మల్లక్క మొగడు వచ్చి, "రఘన్న గేటు కాడ ఉన్నడు, చేతుల చెమ్మాస్ ఉన్నది" అన్నడు. బొగ్గు ఎత్తే పార బయటికి వచ్చిందంటే ఎత్తేది బొగ్గు గాదని తెలిసింది. చెప్పుల్లేకుంట ఉరికిన. పట్టపగలు. సైకిల్ స్టాండు కాడ ఆగయ్య వంగి తాళం తీస్తున్నడు. "ఆగయ్యా, మైకుల చెప్పినవు గదా, మళ్లొక్కసారి చెప్పు, నేను సుత నవ్వుత" అన్నడు మీ అన్న. ఆగయ్య తల లేపిండు. నేను వెనకకెళ్లి రెండు చేతులతోని అంగీ పట్టుకున్న. "ఇంటికి పోదాం పా" అన్న. నువ్వు రాసినట్టే చేసిన యమునా. అడ్డం పడ్డ.

మొదటి దెబ్బ మూతి మీద. భుజం పక్కకెళ్లి చూసిన. రేకు చినిగినట్టు సప్పుడైంది. పండ్లు సైకిల్ సీటు మీద పడ్డయి. అవి సుత చూసిన. అప్పుడు నా మొఖం మీ అన్న వీపుకు గుద్దుకున్నది. కండ్లు మూసుకున్న. గందుకని చూడలేదంటవా? అంగీ నా చేతులల్ల ఉన్నది. చెయ్యి లేచినప్పుడల్ల వీపు బిగిసింది. దిగినప్పుడల్ల సడలింది. ఒక్కొక్క దెబ్బ నా చేతులల్లకెళ్లి పోయింది. అంగీ చినిగి గుడ్డ నా చేతుల మిగిలినంక కింద పడ్డ. కండ్లు తెరిస్తే ఆగయ్యకు మొఖం లేదు. కాళ్లు ఇంక సైకిల్ తొక్కుతున్నట్టే కదులుతున్నయి. మీ అన్న చెమ్మాస్‌ను బొగ్గుపొడిల గుచ్చి గుచ్చి తుడిచిండు. షిఫ్టు దిగేటప్పుడు తుడిచినట్టే.

మీ అవ్వ చెప్పే ఆ ముగ్గురు టీ కొట్టు కాడ గ్లాసులు పట్టుకొని చూసిన్రు. ఒక్కడు కదలలె. లారీలు ఆ పూట బంద్ ఉన్నయి. దుమ్ము లేదు.

అనుకున్నది. ఏం లేదు. ఆ గడి ఖాళీ.

పీనుగ లేవకముందే మీ అవ్వ నా జుట్టు పట్టి వాకిట్లకు ఈడ్చింది. "నా కొడుకును ఉరికంబం ఎక్కిచ్చి నువ్వు బతుకుతవానే" అన్నది. మల్లక్క చీపురు కట్ట తిరగేసి అడ్డమొచ్చింది గనుక బతికిన. ఇప్పుడు అమ్మగారింట్ల ఉన్న.

నిన్ను సైకిల్ మీద దింపింది వాడే. కాదన్ననా?

తిరుమల


బెల్లంపల్లి
14 నవంబర్ 2005

యమునా,

తొమ్మిది నెలలు నీ నుంచి ఒక్క ముక్క లేదు. సరే అనుకున్న. సిగ్గుగల్ల పిల్ల, ఏం రాయాలో తెలుస్తలేదేమో అనుకున్న. మొన్న తెలిసింది ఎందుకు రాయలేదో.

ఆ ముగ్గురి కథ ఇడిచిపెట్టిన్రట, ఆ రోజు మీ అన్న హైదరాబాద్‌ల నీ దగ్గర ఉన్నడని నువ్వు కోర్టుల చెప్తవట. మీ అవ్వ కాలనీ అంత చెప్పుకుంటున్నది. "నా బిడ్డ కాన్వెంట్ల చదివింది, జడ్జి దాని మాటే ఇంటడు" అని.

చదువుకో, ఈ అక్షరాలు ఎందుకు వంకరున్నయో. ఎడమ చేత్తోని రాస్తున్న. పోయిన వారం నల్లా కాడ నీళ్లు పడుతుంటే మోటర్ సైకిల్ మీద ముగ్గురు వచ్చిన్రు. ఆ టీ గ్లాసుల ముగ్గురే, మీ అన్న మనుషులే. ఒకడు నా బిందె తన్నిండు. ఇంకొకడు, "కోర్టుల ఏ చెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తవ్ వదినే?" అని నవ్వుకుంట అడిగిండు. "గిదేనా?" అని కుడి చెయ్యి గుంజి నల్లా గద్దె మీద పెట్టిండు. మూడోవాడు బండ తెచ్చిండు. మణికట్టు ఎముక బయటికొచ్చింది. లైన్ల ఉన్న ఆడోళ్లందరు బిందెలు ఎత్తుకొని ఉరికిన్రు. నీళ్లు పోతనే ఉన్నయి. మీ అన్న బెయిల్ మీద ఖనిల ఉన్నడు. రాలె. రాకుంటనే అయింది.

నీ ఉత్తరాలు ఇక్కడ పెట్టుకొని కూర్చున్న. తాగుడు నుంచి బాణం, నవ్వు నుంచి బాణం, మీ నాయిన నుంచి బాణం. అన్నీ మీ అన్న దిక్కు పోతున్నయి. మీ అన్న నుంచి బయటికి పోయే బాణం ఏది? ఒక్కటన్న గీసినవా?

ఎలుకల సంగతి రాసినవు. మీ అన్న ఎలుక కాదు. మేనేజర్ బంగ్లాకు పోతే గేటు కాన్నే తువ్వాల తీసి చేతులు కట్టుకుంటడు. ఎస్సై ముందు కూర్చోడు. ఎంత తాగినా వాళ్ల మీద చెయ్యి లేవలె ఎన్నడు. ఎవరిని కొట్టాలె, ఎవరికి దండం పెట్టాలె అన్నది బరాబర్ తెలుసు. ఎలుక కోర్టుకు రాదు. మనిషి వస్తడు. గందుకే వస్తడు.

నేను అడ్డగీతను సుత కాదు. నేను మనిషిని. ఆ మాట నమ్మి ఎముక విరగ్గొట్టుకొని ఆ ఇంట్ల ఉన్న. నీ మీద కోపం లేదంటే అబద్ధం.

నువ్వు నీ అన్న కోసం ఏమన్న చెప్పుకో. నేను ఎడమ చెయ్యి ఎత్తి చెప్త.

తిరుమల


తార్నాక
25 నవంబర్ 2005

వదినా,

నీ ఉత్తరం నిలబడి చదివాను. కూర్చోలేకపోయాను.

అమ్మా వకీలూ ఆగస్టులో హాస్టల్‌కు వచ్చారు. వకీలు నేను చెప్పాల్సింది పాఠంలా వినిపించాడు. అన్న ముందురోజు బస్సు దిగాడని, నేను సెలవు పెట్టానని. అమ్మ నా చేతులు పట్టుకుంది. "ఒక్క మాట బిడ్డా. ఒక్క మాటకు వాడు బతుకుతడు" అంది. నేనేమీ అనలేదు. నువ్వు నన్ను ఎరుగుదువు, నలుగురిలో నాకు మాట రాదు. ఆ మౌనాన్ని ఒప్పుకోవడమనుకుని వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. తర్వాత కాదని చెప్పడానికి మూడు నెలలున్నాయి. చెప్పలేదు. నీకూ రాయలేదు. వాళ్లు నన్ను తప్పుగా అర్థం చేసుకున్నారని రాయవచ్చు. కానీ వాళ్లు అనుకున్నది పూర్తిగా తప్పు కూడా కాదు.

గతవారం ప్రసూన గారు నా వరుసలు కొన్ని వెనక్కి పంపారు. ఒక ప్రోటీన్ ఇంకోదాన్ని అణచిపెడుతుందని రాశాను, చూసిన గడిలో పెట్టాను. ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి, "దాన్ని తీసేసి చూశారామ్మా ఎవరైనా?" అని అడిగారు. లేదన్నాను. "మరి?" అన్నారు. రెండూ ఒకచోట ఉన్నాయని, ఒకటి ఉన్నప్పుడు రెండోది నెమ్మదిగా ఉందని వ్యాసం చివర ఎవరో ఊహించి ఒక వాక్యం రాశారు. ఆ వాక్యం నాకు నచ్చింది. ఎక్కించేశాను. ఆవిడ తిట్టలేదు. "ఇది చూసి రేపు ఎవరో మందు తయారు చేస్తారు. ఎవరి ఒంట్లోకో పోతుంది" అన్నారు, అంతే.

నిన్ను గురించి నేను రాసిందీ అలాంటి వాక్యమే. నువ్వు పక్కన ఉండగానే అన్న నీ ఎముక విరిచాడు. నువ్వు అంగీ పట్టుకుని ఉండగానే చంపాడు. చూసినదంతా ఒకవైపు ఉంది. నాకు నచ్చిన మాట ఒకవైపు ఉంది. నేను నా మాటనే నీకు పంపాను. దాని వల్ల నువ్వు సంచి విప్పావు.

జనవరిలో నన్ను పిలుస్తారట. ఏం చెబుతానో ఇక్కడ రాస్తే నిన్ను ఓదార్చడానికి రాసినట్టుంటుంది. చెప్పాక రాస్తాను.

చేయి ఎవరు కట్టారు? నొప్పికి మాత్రలు వేసుకుంటున్నావా?

యమున


కరీంనగర్ బస్టాండు
18 జనవరి 2006

వదినా,

బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పైపెదవి చిట్లింది, అందుకే కాగితం మీద మరక.

నీ సాక్ష్యం పోయిన నెలలోనే అయిపోయిందని, ఎడమ చేయి ఎత్తావని గుమాస్తా చెప్పాడు. ఈరోజు నా వంతు. బోనులోకి వెళ్లేటప్పుడు అన్న నన్ను చూసి తల ఊపాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. బాగా చిక్కిపోయాడు.

వకీలు అడిగాడు. "ఆ రోజు మీ అన్నయ్య ఎక్కడున్నారమ్మా?"

నేను చెప్పింది ఎవరికీ వినపడలేదు. జడ్జి గారు గట్టిగా చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. "నా దగ్గర లేడు. ఆ నెలలో హైదరాబాద్‌కు రానే లేదు."

వకీలు కాగితాలు కింద పెట్టాడు. "బాగా గుర్తు తెచ్చుకోండి. మీరు సెలవులో ఉన్నారు."

"లేను. ఆఫీసులో ఉన్నాను."

అంతే వదినా. ఇంత చిన్నది. దీనికోసం అన్ని నెలలు నోరు కుట్టుకున్నాను. నాకు ధైర్యం వచ్చిందని అనుకోకు. బోను కర్ర పట్టుకునే నిలబడ్డాను.

బయట వరండాలో అమ్మ స్టీలు టిఫిను డబ్బాతో నా మూతి మీద కొట్టింది. మళ్లీ కొట్టబోతే కానిస్టేబుల్ ఆపాడు. "నా కడుపుల పుట్టి నా కొడుకును తిన్నవ్. ఇంటి గడప తొక్కకు" అంది. అన్న అరవలేదు. నా పక్కనుంచి వెళుతూ, "మంచిగ చదివిచ్చిన నిన్ను" అన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే డబ్బా దెబ్బకంటే అది తగిలింది.

వాడు లోపలికి వెళ్లాలని నేను కోరుకోవడం లేదు. బయట ఉంటే నువ్వు బతకవని తెలుసు. రెండూ నిజమే. ఏ గడిలో పెట్టాలో తెలియదు.

బస్సు వచ్చింది.

యమున


బెల్లంపల్లి
9 మార్చి 2006

యమునా,

నిన్న తీర్పు చెప్పిన్రు. యావజ్జీవం. నీకు ఎవరూ ఫోన్ చెయ్యరని తెలుసు, గందుకే పొద్దున్నే రాస్తున్న. మీ అన్న జడ్జి ముందు చేతులు కట్టుకొని నిలబడ్డడు. మీ అవ్వను మల్లక్క మొగడు ఆటోల ఎక్కిచ్చి తోల్కపోయిండు. ఆమెకు నేను శత్రువునే, కని నడువలేక కూలబడితే నేను చూడలేకపోయిన.

నీ పెదవి మానిందా? నా చెయ్యి అతికింది గని వంకరతిరిగింది. పెన్ను పట్టుకునుడు వస్తున్నది, చూడు, అక్షరాలు జర మంచిగున్నయి.

నువ్వు కోర్టుల చెప్పింది విన్న. మెచ్చుకోను. ఉన్నదే చెప్పినవు. కని నువ్వు చెప్పకపోతే నేను ఇయ్యాల ఈ ఉత్తరం రాయకపోదును.

ఇంకొకటి రాయాలె. ఇది ఎవరికీ చెప్పలె.

కోర్టు బయట చెట్టు కింద బస్సు కోసం నిలబడ్డ. ఆగయ్య పెండ్లాం పూలమ్మ వచ్చింది. ఏడాది నుంచి నన్ను చూస్తే ఉమ్మేసేది. నేను చంపినోని పెండ్లాన్నే గదా. ఇప్పుడు సుత ఉమ్ముతది అనుకొని మొఖం తిప్పుకున్న. ఆమె దగ్గరికొచ్చి, "ఒక్కటి చెప్పు. పోయేటప్పుడు ఏమన్నడు? పక్కన ఉన్నదానివి నువ్వే" అన్నది.

వకీళ్లు ఇద్దరూ అది అడగలె. ఎవరు కొట్టిన్రు, దేనితోని కొట్టిన్రు, ఎన్నిసార్లు, గివే అడిగిన్రు. మూతి మీద మొదటి దెబ్బ పడ్డంక మనిషి ఏమంటడు యమునా? ఏం అనలె. గురగుర సప్పుడు, అంతే.

"నీ పేరు అన్నడు అక్కా. పూలా అన్నడు" అని చెప్పిన.

"గట్టిగనా?"

"మెల్లగ."

పూలమ్మ నా దిక్కు అట్లనే చూసింది. "ఆయన నన్ను ఎన్నడు పేరు పెట్టి పిలువలె" అన్నది. "ఏమే అనేటోడు. లేకుంటే ఇగో అనేటోడు."

సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్న. కోర్టుల అంతసేపు నిలబెట్టి అడిగినప్పుడు సుత నేను గింత తడబడలె. ఆమె కండ్లు నా మొఖం మీదకెళ్లి తీయలె. ఏదో చూసింది, ఏం చూసిందో నాకు తెల్వదు. కొంగుతోని మూతి తుడుచుకున్నది.

"పిలిచిండన్నమాట" అన్నది.

"పిలిచిండు."

"సరే. బెల్లంపల్లి బస్సు ఇక్కడ ఆగదు, అటు పోవాలె. పా, చూపిస్త" అని నా చేతుల సంచి అందుకున్నది.

తిరుమల